మూలపాడులో సీతాకోకచిలుకలు ఎక్కువ కనిపిస్తే కొండపల్లి అడవి బాగున్నట్టేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మూలపాడు బటర్‌ఫ్లై పార్కుకి ఆదివారం వెళ్తే అడుగడుగునా సీతాకోకచిలుకలు కనిపించాయి, పక్కనున్నవాళ్లు "ఇవి ఉన్నాయంటే అడవి ఆరోగ్యంగా ఉన్నట్టే" అన్నారు, అది నిజమేనా అన్నది ఒకటి. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం కొండపల్లి అడవిలో వీటిని లెక్కపెడదామనుకుంటున్నాను, ఎలా మొదలుపెట్టాలి అన్నది రెండోది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొండల్లో చాలా ఏళ్లుగా వీటి వెంట తిరుగుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటిదానికి సూటిగా జవాబు: కాదు. ఎన్ని కనిపించాయి అన్నదాన్ని బట్టి అడవి గురించి చెప్పగలిగేది చాలా తక్కువ. ఏవి కనిపించాయి, అవి అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయా లేక పూల మీద కాసేపు వాలి తమ దారిన పోతున్నాయా అన్నది తెలిస్తే మాత్రం చాలా చెప్పొచ్చు. ఎగిరే సీతాకోకచిలుక ఎక్కడికైనా పోగలదు, తేనె దొరికితే మున్సిపల్ పార్కు అయినా దానికి ఒకటే. గొంగళి పురుగుకి ఆ వెసులుబాటు లేదు. తల్లి ఏ ఆకు మీద గుడ్డు పెట్టిందో ఆ ఆకు తినే బతకాలి, ఆ మొక్క పోతే అది పోతుంది. అందుకే నా దగ్గరకొచ్చే పిల్లలకి మొదట చెప్పే మాట ఒకటే, పూలు చూడటం తగ్గించి ఆకులు చూడండి అని.

బటర్‌ఫ్లై పార్కు అనేదే పూల మొక్కలు నాటి వాటిని పిలవడానికి కట్టిన చోటు. అక్కడ అవి ఎక్కువ కనిపించడంలో వింతేముంది? పార్కు తప్పని కాదు, పిల్లలకి చూపించడానికి అంత మంచి చోటు మన దగ్గర ఇంకోటి లేదు. కాకపోతే దాని లెక్కని వెనకున్న కొండపల్లి రిజర్వ్ ఫారెస్టుకి అంటగడితే పప్పులో కాలేసినట్టే. లాంటానా అనే పరాయి దేశపు పొద సంగతి కూడా ఇలాంటిదే. కొండ వాలు మీద ఓ ఎకరం లాంటానా అల్లుకుపోయి పూసిందనుకోండి, దాని మీద వాలే సీతాకోకచిలుకల్ని చూసి ఎంత బాగుందో అనుకుంటారు, కానీ ఆ పొద కింద దేశవాళీ మొక్క ఒక్కటీ లేవదు, అంటే ఆ పైన తేనె తాగుతున్న వాటిలో చాలావాటి పిల్లలకి అక్కడ తిండే లేదు.

మరి శాస్త్రవేత్తలు వీటిని సూచికలుగా ఎందుకు వాడుతున్నారు అంటే దానికి గట్టి కారణాలే ఉన్నాయి. చాలా జాతుల గొంగళి పురుగులు ఒకే కుటుంబానికి చెందిన మొక్కల్ని, కొన్ని అయితే రెండు మూడు మొక్కల్నే తింటాయి. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా మన వేడిలో చాలావాటికి సుమారు నెల రోజులు, కాబట్టి చోటు చెడితే ఆ ప్రభావం ఏడాది తిరక్కుండానే తెలుస్తుంది, అదే ఒక మద్ది చెట్టు ఎండిపోవడం చూసి తెలుసుకోవాలంటే ఏళ్లు పడుతుంది. ఒంటి వేడిని ఎండతోనే తెచ్చుకునే జీవులు కావడంతో నీడ, తేమ, వేడి కొంచెం మారినా వాటికి తెలిసిపోతుంది. పైగా పగటిపూట తిరుగుతాయి, చూసి గుర్తుపట్టొచ్చు, చంపక్కర్లేదు. బ్రిటన్‌లో 1976 నుంచి ఇప్పటిదాకా ప్రతి ఏటా వాలంటీర్లు నిర్ణీత దారుల్లో నడిచి లెక్క రాస్తూనే ఉన్నారు. 1999లో కామిల్ పార్మెసాన్ అనే శాస్త్రవేత్త బృందం యూరప్‌లోని, వలసపోని 35 జాతుల లెక్కలు తీసి చూస్తే వాటిలో 63 శాతం ఇరవయ్యో శతాబ్దంలో 35 నుంచి 240 కిలోమీటర్ల దాకా ఉత్తరానికి జరిగిపోయాయని తేలింది. వాతావరణం వేడెక్కడం జీవుల మీద ఇప్పటికే పనిచేస్తోందని చూపించిన తొలి గట్టి ఆధారాల్లో అదొకటి.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. ఇక్కడ కనిపించేవాటిని నేను మనసులో మూడు రకాలుగా పెట్టుకుంటాను.

మొదటి రకం, అడవి గురించి ఏమీ చెప్పనివి. ప్లెయిన్ టైగర్ జిల్లేడు మీద పెరుగుతుంది, జిల్లేడు లేని ఖాళీ స్థలం విజయవాడ కృష్ణలంకలో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా చూపించండి చూద్దాం. లైమ్ బటర్‌ఫ్లైకి నిమ్మ, కరివేపాకు, మారేడు చాలు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీలో ఉన్న కరివేపాకు మీద కూడా గుడ్లు పెడుతుంది (ఆ పిల్ల పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక పచ్చగా మారుతుంది, వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది). కామన్ క్రో గన్నేరు మీదా పెరుగుతుంది, రోడ్డు డివైడర్ల నిండా మనం నాటుతున్నది అదే. టెయిల్డ్ జే చాలా అందమైనది, పచ్చటి మచ్చలతో మెరుపులా పోతుంది, దాన్ని చూసి "అడవి జాతి మా కాలనీకొచ్చింది" అని సంబరపడుతుంటారు. అది వచ్చింది మన కాలనీల్లో వరసగా నిలువునా పెంచే నరమామిడి కోసం, అందరూ అశోక చెట్టు అంటారే, దాని కోసం. ఇవన్నీ మీ లిస్టులో ఉంటాయి, ఉండాలి, కానీ వాటిని బట్టి తీర్పు చెప్పకండి.

రెండో రకం అసలు ఎవరూ పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ముళ్ల పొదల బయళ్లకి చెందినవి. క్రిమ్సన్ టిప్ అని తెల్లటి రెక్కల చివర ఎర్రటి మచ్చతో నేల మీదుగా వేగంగా పోయేది, దాని చుట్టాలు, పయనీర్, ఇవన్నీ ఆదొండ కుటుంబం మొక్కల మీద ఆధారపడతాయి. రేగు పొదల మీద కామన్ పియరో పెరుగుతుంది, తెలుపు మీద నల్లచుక్కలతో గోరంత ఉంటుంది. కొండవీడు ఎక్కే దారిలో కింది వాలు, మంగళగిరి వెనక రాతి గుట్టలు, కొండపల్లి అంచులు, ఇక్కడంతా ఈ జాతులుండే చోట్లు. చూడ్డానికి ఎండిపోయి, రాళ్లు తేలి, ముళ్లు తప్ప ఏమీ లేనట్టుంటాయి, అందుకే అందరూ దాన్ని పాడుబడ్డ అడవి అనేస్తారు. పాడుబడింది కాదు, అది ఆ చోటి సహజ రూపం కావచ్చు. అక్కడ ఆదొండ, రేగు నరికి, గుంటలు తవ్వి, వరసగా ఒకే రకం మొక్కలు నాటి "పచ్చదనం పెంచాం" అంటే పై నుంచి తీసిన ఫొటోలో పచ్చగానే కనిపిస్తుంది, క్రిమ్సన్ టిప్ మాత్రం ఆ ఏడాదే మాయమవుతుంది. సూచిక అంటే అదే కదా, ఫొటోకి తెలియనిది చెప్పేది.

దీనికి ఇంగ్లండ్‌లో జరిగిన ఒక కథ చెప్పాలి, అడవుల్ని బాగుచేద్దామనుకునే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది. లార్జ్ బ్లూ అనే నీలం సీతాకోకచిలుక అక్కడ తగ్గిపోతోందని దాన్ని పట్టేవాళ్ల బారి నుంచి కాపాడదామని కొన్ని చోట్ల కంచెలు వేశారు, పశువులు కూడా లోపలికి పోకుండా అయ్యింది. ఇంకా వేగంగా తగ్గింది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఆ మైదానాల్లో ఏళ్ల తరబడి కూర్చుని అసలు విషయం పట్టుకున్నాడు. దాని గొంగళి పురుగు కొన్నాళ్లు మొక్క మీద తిని తర్వాత కింద పడుతుంది, ఒక రకం ఎర్రచీమలు దాన్ని తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి, అది లోపల చీమల పిల్లల్నే తింటూ పెరుగుతుంది. ఆ చీమకి ఎండ బాగా తగిలే వెచ్చటి నేల కావాలి, అంటే గడ్డి పొట్టిగా ఉండాలి, అంటే పశువులో కుందేళ్లో మేయాలి. కుందేళ్లు రోగం వచ్చి చచ్చిపోయాయి, పశువుల మేత ఆగిపోయింది, గడ్డి ఏపుగా పెరిగింది, నేల చల్లబడింది, చీమ పోయింది, సీతాకోకచిలుకా పోయింది. 1979లో అది ఆ దేశంలో అంతరించిందని ప్రకటించారు. తర్వాత స్వీడన్ నుంచి తెచ్చి, ఈసారి పశువుల్ని మేపుతూ పెంచితే నిలదొక్కుకుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటామే, సరిగ్గా అదే జరిగింది. మన దగ్గర చీమలతో స్నేహం చేసే చిన్న నీలి జాతులు చాలా ఉన్నాయి, అవి ఏ చీమతో, ఏ నేలలో అన్నది మనవాళ్లు రాసిపెట్టింది తక్కువ. ప్రాజెక్టు టాపిక్ కోసం వెతికేవాళ్లకి అదొక్కటే బోలెడంత పని.

మూడో రకం, చెట్ల నీడ, రాలిన ఆకులు, నేలలో తేమ ఉంటేనే ఉండేవి. బుష్‌బ్రౌన్ జాతులు గడ్డి తిని పెరిగినా, పెద్దయ్యాక నీడలోనే, నేలకి జానెడు ఎత్తులో ఎగురుతూ ఉంటాయి, కుళ్లిన పళ్లు, చెట్ల నుంచి కారే రసం వాటి తిండి, పూల జోలికి పెద్దగా రావు. బారనెట్ అని ఇటుక రంగు రెక్కల మీద నల్ల గీతలతో దిట్టంగా ఉండేది ఒకటుంది, దాని పిల్లలు మన ఎండు అడవుల్లో తునికి ఆకులు తింటాయి, బీడీలు చుట్టే ఆకే. కొండపల్లి లాంటి ఆకురాల్చే అడవి సంగతి తెలియాలంటే నేను వెతికేది దాన్నే. తునికి లేతాకు వెనకవైపు తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. దీని చుట్టం కామన్ బారన్ గొంగళి పురుగుని మామిడాకు మీద చూడొచ్చు, ఒంటికి రెండు పక్కలా ఈకల్లాంటి పచ్చటి ముళ్లు పరుచుకుని, వీపు మీది లేత పసుపు గీత సరిగ్గా ఆకు మధ్య ఈనె మీద పడేలా పడుకుంటుంది, ముక్కు ఆనించి చూస్తే తప్ప అక్కడో పురుగుందని తెలియదు. బారనెట్ పిల్లా అంతే. అది దొరికిందంటే, తునికి చెట్లు ఉన్నాయి, వాటికి లేత చిగుళ్లు వస్తున్నాయి, వేసవి మంటలకి మొత్తం మాడిపోలేదు అని మూడు సంగతులు ఒక్కసారే తెలిసినట్టు. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ ఈశ్వరి తీగ జాతుల మీదే పెరుగుతాయి, ఆ తీగ ఇంకా ఎక్కడెక్కడ మిగిలి ఉందో అవి మనకంటే బాగా చెప్తాయి.

ఇక్కడొక జాగ్రత్త. కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం ఈ రోజ్‌ల వేషం వేస్తాయి. రోజ్ జాతులు ఈశ్వరి తీగ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు, ఆ భయాన్ని మార్మన్ వాడుకుంటుందన్నమాట. మీకు దీంతో వచ్చే చిక్కేంటంటే, మార్మన్ కరివేపాకు మీద పెరిగేది, రోజ్ ఈశ్వరి మీద పెరిగేది. ఒకదాన్ని ఇంకోటిగా రాసుకుంటే మీ రిపోర్టు మొత్తం తలకిందులవుతుంది. రెక్కలు చూసి మోసపోకుండా ఒళ్లు చూడండి, రోజ్‌కి ఒంటి మీద ఎరుపు ఉంటుంది, మార్మన్ ఒళ్లు నల్లగానే ఉంటుంది. ప్లెయిన్ టైగర్‌కి, డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదానికి కూడా ఇదే గొడవ. ఇంకొకటి, ఈవెనింగ్ బ్రౌన్ వానాకాలంలో రెక్కల అడుగున కళ్లలాంటి చుక్కలతో ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి ఆ చుక్కలు దాదాపు పోయి ఎండుటాకులా అయిపోతుంది. దాన్ని రెండు జాతులుగా రాసిన రిపోర్టులు నేను చూశాను.

ఇప్పుడు లెక్కపెట్టడం గురించి. పొలార్డ్ నడక అని ఉంది, ప్రపంచమంతా వాడేది అదే, ఖర్చు లేదు. ఒక దారి ఎంచుకోండి, అర కిలోమీటరు నుంచి కిలోమీటరు చాలు, దాన్ని నీడ ఉన్న భాగం, అంచు, బయలు అని ముక్కలు చేసి గుర్తులు పెట్టుకోండి. ఒకే నెమ్మదైన వేగంతో నడుస్తూ, కుడివైపు రెండున్నర మీటర్లు, ఎడమవైపు రెండున్నర, ముందు ఐదు మీటర్ల లోపల కనిపించినవే రాయాలి, పదిహేను మీటర్ల అవతల పెద్దది పోతోందని పరుగెత్తకూడదు. మన ఎండకి ఉదయం ఎనిమిది నుంచి పదకొండు లోపల చెయ్యండి, మబ్బు, వాన, పెద్ద గాలి ఉంటే ఆ రోజు వదిలెయ్యండి. పదిహేను రోజులకొకసారి, అదే దారి, అదే సమయం. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా చేస్తే మంచి రికార్డు తయారవుతుంది. మే నెల లెక్కని అక్టోబరు లెక్కతో పోల్చి "అడవి బాగుపడింది" అని మాత్రం రాయకండి, మన దగ్గర వానలు పడ్డాక ఎలాగూ పెరుగుతాయి. పోల్చాల్సింది ఒకే నెలలో వేర్వేరు చోట్లని, లేదా ఒకే చోటుని ఏడాదికీ ఏడాదికీ.

నా సలహా అడిగితే మూడు దారులు పెట్టుకోండి. ఒకటి మూలపాడు పార్కులో, ఒకటి అడవి అంచున రోడ్డు పక్కన, ఒకటి లోపల చెట్ల మధ్య. ప్రతి దారిలో సీతాకోకచిలుకలతో పాటు వాటి పిల్లలు తినే మొక్కల్ని కూడా రాయండి, ఉన్న ప్రతి మొక్కా కాదు, తునికి, ఈశ్వరి, ఆదొండ, రేగు, బదనిక, రేల, తంగేడు లాంటి పది పదిహేను చాలు. గుడ్డో పురుగో దొరికితే విడిగా గుర్తుపెట్టండి, అదే మీ రిపోర్టుకి బలం. బహుశా పార్కులో సంఖ్య ఎక్కువ, లోపల తక్కువ వస్తుంది, కంగారు పడొద్దు. నిజానికి కొంచెం నరికి, వెలుతురు పడిన అడవిలో సీతాకోకచిలుకల జాతులు పెరిగినట్టు కనిపించడం మామూలే, బయళ్ల జాతులు లోపలికొస్తాయి, నీడ జాతులు ఇంకా పూర్తిగా పోలేదు, రెండూ కలిసి లిస్టు పొడుగవుతుంది. అందుకే షానన్ ఇండెక్స్ (ఎన్ని జాతులు, ఒక్కోటి ఎన్నెన్ని ఉన్నాయన్నది కలిపి ఒకే అంకెగా చెప్పేది) ఒక్కటే వేసి వదిలేస్తే లాభం లేదు, దానికి ప్లెయిన్ టైగర్ అయినా బారనెట్ అయినా ఒకటే. మీ గైడ్ అడుగుతారు కాబట్టి వెయ్యండి, దాని పక్కనే నీడ జాతులు ఎన్ని, బయళ్ల జాతులు ఎన్ని, ఎక్కడైనా బతికేవి ఎన్ని అని ఇంకో పట్టిక పెట్టండి, చదివేవాళ్లకి అసలు విషయం దాంట్లో తెలుస్తుంది.

నీడ జాతులు నడకలో సరిగ్గా పడవు, వాటికి ఎర పెట్టాలి. మగ్గిన అరటిపళ్లు బెల్లం వేసి పిసికి రెండు రోజులు పులియబెట్టి, కాస్త కల్లు దొరికితే కలిపి, పళ్లెంలో పెట్టి చెట్టు నీడలో నడుము ఎత్తున కట్టండి. ఈవెనింగ్ బ్రౌన్‌లు, బారన్‌లు, చింతాకు తిని పెరిగే బ్లాక్ రాజా లాంటివి దానికి వస్తాయి. చీమలు కూడా వస్తాయి, తాడుకి గ్రీజు రాయండి.

వందలకొద్దీ బ్లూ టైగర్లు ఒకేసారి కనిపిస్తే దాన్ని అడవి ఘనతగా రాయకండి. దక్షిణాదిన అవి వానాకాలం ముందూ తర్వాతా పశ్చిమ కనుమలకీ తూర్పు వైపుకీ మధ్య గుంపులుగా ప్రయాణిస్తుంటాయి, దారిలో జనుము జాతి గిలిగిచ్చ మొక్కలు కనిపిస్తే ఆగి గుమిగూడతాయి. విడిగా రాయండి, మొత్తంలో కలపకండి.

గుంటూరు వైపు చేసేవాళ్లకి అదనంగా ఒక మాట. కొండవీడు కొండల కింద పత్తి, మిర్చి పొలాలున్నాయి. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసినప్పటి నుంచి రైతుల టెన్షన్ అంతా ఇంతా కాదు, మందు మీద మందు కొట్టక తప్పని పరిస్థితి, వాళ్లని తప్పుపట్టి ప్రయోజనం లేదు. కానీ గట్ల మీద, పొలం పక్క పొదల్లో లెక్క పడిపోతే దానికి కారణం కొండ మీది అడవి కాకపోవచ్చు. దారిని పొలం అంచు నుంచి పైకి పెట్టుకుని, ప్రతి వంద మీటర్లకీ విడిగా రాస్తే, పైకి పోతున్న కొద్దీ పెరుగుతున్నాయా లేదా అన్నది తెలిసిపోతుంది. చుట్టుపక్కల ఎప్పుడు ఏ మందు కొట్టారో రైతుని అడిగి రాసుకోండి, మర్యాదగా అడిగితే చెప్తారు, మజ్జిగ కూడా ఇస్తారు.

సీతాకోకచిలుకలు చెప్పలేనివీ ఉన్నాయి. పెద్ద చెట్లు దొంగతనంగా పోతుంటే, పొదలూ చిగుళ్లూ అలాగే ఉన్నంతకాలం ఇవి చాలా రోజులు ఏమీ ఎరగనట్టే ఎగురుతాయి. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి చెట్లు తగ్గిపోతున్నాయా అన్నది సీతాకోకచిలుకల్ని లెక్కపెడితే తెలియదు, బొమ్మలు చేసేవాళ్లని అడిగితే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. పిట్టలు, కప్పలు ఎలా ఉన్నాయన్నదీ వీటిని బట్టి చెప్పలేం, వాటిని విడిగా చూడాల్సిందే. రిపోర్టులో "అడవి ఆరోగ్యం" అని గంభీరంగా రాసే బదులు "నేల మీది పొదలు, తీగలు, చిగుళ్లు, నీడ ఎలా ఉన్నాయి" అని రాస్తే మీరు నిరూపించగలిగింది రాసినట్టవుతుంది, వైవాలో ఇరుక్కోరు.

చివరగా పనుల సంగతి. అది రిజర్వ్ ఫారెస్టు, కాలేజీ లెటర్‌తో అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి, కాయితం రావడానికి సమయం పడుతుంది కాబట్టి జూన్‌లోనే మొదలుపెట్టండి. వల వద్దు, కొన్ని జాతులకి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఫొటో చాలు, కానీ రెక్కల పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి తప్పకుండా తీయండి, చిన్న నీలి జాతుల్లో తేడా అంతా అడుగువైపే ఉంటుంది. తీసినవి ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడుతూ ఉండండి, గుర్తుపట్టేవాళ్లు దొరుకుతారు, సెప్టెంబరులో దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది, అప్పుడైతే ఇంకా తొందరగా జవాబిస్తారు. ఒక్కరే వెళ్లకండి, ఫుల్ ప్యాంటు, బూట్లు వేసుకోండి, ఆకులు తిప్పేముందు కింద పాముందేమో చూసుకోండి. దారి ఎంచుకున్నాక మ్యాపు, మొక్కల లిస్టు ఇక్కడ పెట్టండి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసి చెప్తాను.